ఏ వేళకు ఆ పుస్తకం

పాత పండితులు సరదాకి విసిరే శ్లోకం ఒకటుంది. బుద్ధిమంతులకు పొద్దున జూదం గొడవతో, మధ్యాహ్నం స్త్రీ గొడవతో, రాత్రి దొంగ గొడవతో కాలం గడుస్తుందని దాని భావం. కొత్తగా విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. ఇదేం బుద్ధిమంతులయ్యా బాబూ అనుకుంటారు. ఆ ముఖాలు చూసి కాసేపు ఆనందించాక పండితుడు ముడి విప్పుతాడు. జూదం అంటే భారతం. స్త్రీ అంటే సీతమ్మ, అంటే రామాయణం. దొంగ అంటే వెన్నదొంగ, అంటే భాగవతం.

చమత్కారం సంగతి అలా ఉంచి ఆ వరస చూడండి. ధర్మసూక్ష్మాలు, రాజనీతి, ఒక పట్టాన కొరుకుడుపడని శాంతిపర్వం, ఇవన్నీ బుర్ర తాజాగా ఉండే పొద్దుటి పూటకు పెట్టారు. మధ్యాహ్నానికి, అందరికీ తెలిసిన కథే అయినా మనసు పట్టి లాక్కుపోయే రామాయణం. పడుకోబోయే ముందు చిన్నికృష్ణుడి అల్లరి. శ్లోకం కట్టినాయనకు ఈ ఆలోచన ఉందో లేదో గానీ టైమ్‌టేబుల్ మాత్రం భేషుగ్గా కుదిరింది.

మనం దాన్ని తలకిందులు చేసుకున్నాం. కళ్ళు తెరవగానే వాట్సాప్ ఫార్వర్డ్‌లు. రోజంతా ఆఫీసు మెయిళ్ళు. రాత్రి పదకొండింటికి, రెప్పలు వాలిపోతుంటే, చేతిలో వేయిపడగలు! నాలుగు పేజీలు తిరక్కుండానే పుస్తకం ముక్కు మీద పడుతుంది. వారం తర్వాత అది అలమరలోకి వెళ్ళిపోతుంది. 'ఈ రోజుల్లో చదివే ఓపిక ఎక్కడుందండీ' అన్న నిట్టూర్పు మాత్రం మిగులుతుంది.

ఓపిక ఎక్కడికీ పోలేదు. చాలామందికి రోజు మొత్తంలో ముప్పావు గంటో గంటో చదివే వీలు ముక్కలుముక్కలుగా దొరుకుతూనే ఉంటుంది. ఒక్కో ముక్కకు ఒక్కో స్వభావం. దానికి పొసగని పుస్తకం పట్టుకుంటాం. అది సాగదు. సాగకపోతే తప్పు రచయితదనో మనదనో తేల్చేస్తాం. తప్పు వేళదని మనకు తట్టదు.

ముందు ఒక నియమాన్ని చెత్తబుట్టలో వేయాలి. మొదలుపెట్టింది పూర్తయ్యేదాకా ఇంకో పుస్తకం ముట్టకూడదన్న నియమం. బళ్ళో తెలుగు వాచకం, లెక్కలు, సోషల్ అన్నీ ఒకే రోజు చదివినవాళ్ళమే కదా. అప్పుడు కాని కలగాపులగం ఇప్పుడెందుకవుతుంది? మూడు పుస్తకాలు ఒకేసారి నడపండి. అయితే మూడూ మూడు రకాలవై ఉండాలి. రెండు నవలలు ఒకేసారి పెట్టుకున్నారో, ఈ కథలో హీరోయిన్ ఆ కథలో కాపురం చేయడం మొదలుపెడుతుంది.

ఏ వేళకు ఏది అన్నది తేల్చుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఆ సమయంలో బుర్ర ఎంత చురుగ్గా ఉంటుంది, ఎంతసేపు మిమ్మల్ని ఎవరూ పిలవకుండా ఉంటారు, పుస్తకం మూశాక మీరు చేయాల్సిన పనేమిటి, ఈ మూడూ చూసుకుంటే చాలు. మొదటి రెండూ ఎవరికైనా తోస్తాయి. మూడోదే అందరూ మరిచేది. పది నిమిషాల్లో కస్టమర్‌తో మర్యాదగా మాట్లాడాల్సినవాడు రావిశాస్త్రి ఆరు సారా కథలు చదివి లేస్తే, లోకం మీద కోపం తగ్గడానికే అరగంట పడుతుంది. అది రచయిత గొప్పదనం, నిజమే. ఆ గొప్పదనానికి తగిన సమయం మాత్రం అది కాదు.

పొద్దుటి సంగతి చూద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మన ఒంట్లో గడియారం ఉందన్నది ఇప్పుడు కవిత్వం కాదు. దాన్ని నడిపే జన్యువుల లెక్క తేల్చినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. నిద్ర లేచిన వెంటనే కాసేపు మెదడుకు మబ్బు వదలదు. కాఫీయో స్నానమో అయ్యాక, ఎక్కువమందికి, కష్టమైన వాక్యాన్ని పట్టుకుని వేలాడగలిగే అరగంట ఒకటి దొరుకుతుంది. దాన్ని మీరు ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్న పుస్తకానికి ఇవ్వండి. వేయిపడగలు చదవాల్సింది ఇప్పుడు. నండూరి రామమోహనరావు విశ్వరూపం చదవాల్సిందీ ఇప్పుడే. నక్షత్రాలు, పాలపుంతలు, కాలం, వీటి గురించి తెలుగులో అంత హాయిగా చెప్పిన పుస్తకాలు తక్కువ. అయినా అందులోని సంగతులు నిద్రమత్తు మీద ఎక్కవు. పక్కన పెన్సిల్ ఉండాలి.

పద్యం అలవాటు లేనివాళ్ళకు కూడా పొద్దుటి పూట ఒక దారి ఉంది. కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్యాలతో వేశారు. రోజుకు ఒక్క పద్యం తీసుకోండి. మొదట అర్థం జోలికి పోకుండా పైకి చదవండి. నాలుక తడబడుతుంది, పడనివ్వండి. తర్వాత తాత్పర్యం చూడండి. మళ్ళీ పద్యం పైకి చదవండి. మొదటిసారి గోడలా అడ్డం నిలబడ్డ సమాసం రెండోసారికి విడివిడి మాటలుగా వినిపిస్తుంది. మొత్తం పది నిమిషాల పని. ఇదే పని రాత్రి చేస్తే తాత్పర్యం చదివి పద్యం వదిలేస్తారు. అలా అయితే తిక్కన ఎందుకు, వచన భారతం చాలు.

పొద్దున్నే పేపరు ముందు పట్టుకోవద్దని నా గట్టి సలహా. పేపరు మీద నాకు కోపమేమీ లేదు. అది కళ్ళు ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు గెంతేలా కట్టిన వస్తువు. ఒకసారి ఆ గెంతులు అలవాటయ్యాక, పాతిక పంక్తుల పేరా ముందు కళ్ళు కుదురుగా నిలబడవు. ఫోన్ అయితే చెప్పనే అక్కర్లేదు. ముందు పుస్తకం, తర్వాత పేపరు. ప్రభుత్వాలు అరగంటలో పడిపోవు.

ఇంకో మాట. పొద్దున్నే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ మాట రాయడం కాస్త సాహసమే గానీ, రాయక తప్పదు. వాటికి అంత మంచి గంట దండగ. అవి సాయంత్రం నాలుగింటికి, టీ తాగుతూ చదివినా పూర్తిగా అర్థమవుతాయి.

బ్రాహ్మీముహూర్తంలో లేచి చదవమని చెప్పే పెద్దలందరికీ ఇంట్లో ఎవరో ఒకరు కాఫీ కలిపి ఇస్తూ ఉండేవారు. అది గుర్తుంచుకుని మాట్లాడాలి. పిల్లల డబ్బాలు, భర్త డబ్బా, పాలవాడు, పనమ్మాయి, నీళ్ళ మోటారు, ఇన్నింటి మధ్య ఉన్న ఇల్లాలికి ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా పుస్తకం ముట్టే వీలు లేదు. ఉన్నా అది తెగిపడే వీలు. కుక్కర్ పెట్టాక మూడు విజిళ్ళు వచ్చేదాకా నిలబడి ఉండాల్సిన కాస్త సమయానికి శతకాలను మించినవి లేవు. వేమన పద్యం నాలుగు పాదాలు. ముందు పద్యంతో సంబంధం లేదు, వెనక పద్యంతో సంబంధం లేదు. ఎక్కడ తెరిచినా అదే మొదటి పేజీ. వంటింట్లో అలమర మీద, నూనె చెయ్యి తగిలినా బాధపడని చవక ప్రతి ఒకటి ఉంచుకోండి. ఆవిడకు అసలైన 'పొద్దున' అందరూ బయటికి వెళ్ళాక, పదకొండింటికి మొదలవుతుంది. పైన నేను చెప్పిన పెన్సిల్ పుస్తకాలన్నీ ఆవిడ ఆ గంటకు మార్చుకోవచ్చు.

ఇక ప్రయాణం. నగరాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళకు రోజులో దొరికే పెద్ద ముక్క ఇదే. హైదరాబాద్ మెట్రోనే తీసుకోండి. మియాపూర్‌లో ఎక్కేవాళ్ళకు బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. అమీర్‌పేట చేరేసరికి బ్యాగు ఒళ్ళోకి, మోచేతులు పక్కటెముకల్లోకి వస్తాయి. హైటెక్ సిటీ వైపు వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి, మెట్లెక్కి, ఇంకో బండిలో నిలబడాలి. అంటే ఒకే ప్రయాణంలో రెండు వేళలున్నాయి. కూర్చున్న కాసేపటికి కథ సరిపోతుంది. నిలబడ్డ కాసేపటికి కథ కూడా ఎక్కువే.

నిలబడి చదివే పుస్తకానికి ఒక పరీక్ష పెట్టాలి. కొనే ముందే షాపులో పెట్టొచ్చు. పుస్తకాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, బొటనవేలు మధ్యలో ఆనించి, రెండు పేజీలూ తెరిచి ఉంచగలరా? బొటనవేలి కింద అక్షరాలు దాక్కుంటున్నాయా? మన పుస్తకాల్లో చాలావాటికి లోపలి అంచున ఖాళీ తక్కువ. వెన్నుకు జిగురు పూసి అంటించినవి చెయ్యి వదలగానే టప్పున మూసుకుంటాయి. బలవంతంగా విరిస్తే పేజీలు ఊడి చేతికొస్తాయి. కుడిచెయ్యి పైన కడ్డీకి అంకితం. కాబట్టి పేజీ తిప్పే పని కూడా ఆ ఎడమచేతి వేళ్ళదే. ఈ పరీక్షలో పెద్ద నవలలన్నీ తప్పుతాయి, సన్న పుస్తకాలు గట్టెక్కుతాయి. మహాప్రస్థానం ఇక్కడ ఫస్ట్ క్లాసులో పాసవుతుంది. పైగా ఆ గేయాలకు నడక ఉంది. బండి ఊపుకు, స్టేషన్లో జనం అడుగుల చప్పుడుకు అవి సరిపోయినట్టు పడకగది నిశ్శబ్దానికి సరిపోవని నా అభిప్రాయం.

కూర్చుని చదివేవాళ్ళకు పొట్టి కథల సంపుటాలు. సత్యం శంకరమంచి అమరావతి కథలు నూరున్నాయి, ఒక్కోటి కొద్ది పేజీలే. రెండు స్టేషన్లు దాటేసరికి కృష్ణ ఒడ్డున ఒక మనిషి జీవితం అయిపోతుంది. ఖదీర్ బాబు దర్గామిట్ట కతలు, నామిని కథలు కూడా ఈ కొలతకు సరిపోతాయి. ఒక్కటే చిక్కు. నామిని చదువుతూ ఉన్నట్టుండి పైకి నవ్వితే ఎదురు సీటాయన మిమ్మల్ని అదోలా చూస్తాడు. మీ స్టేషన్ దాటిపోయే ప్రమాదం కూడా ఉంది, ఒక అలారం పెట్టుకోండి.

ఆర్టీసీ బస్సు వేరే సంగతి. గతుకుల్లో అక్షరం నిలవదు. కన్ను కదలని పేజీని చూస్తుంటే లోచెవి మాత్రం ఊగుతున్నామని చెబుతుంది, ఆ తగాదా కడుపు మీదికి వస్తుంది. కడుపులో తిప్పేవాళ్ళు చెవుల్లో పెట్టుకుని వినడం మేలు. కథను వినడం మన జాతికి చదవడం కన్నా పాత అలవాటు, దానికి చిన్నతనం ఏమీ లేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఒళ్ళు అలిసి ఉంటుంది. అప్పుడేమీ చదవకపోయినా కొంప మునగదు. కిటికీ ఉన్నది అందుకే.

మధ్యాహ్నం మీద మనవాళ్ళకు అన్యాయమైన చిన్నచూపుంది. భోజనం కాగానే మబ్బు కమ్ముతుంది, ఏమీ ఎక్కదు అంటారు. మబ్బు కమ్మడం నిజమే. అది పప్పూ నెయ్యీ చేసే పని మాత్రమే కాదు, భోజనం మానేసినవాళ్ళకు కూడా ఆ వేళ కాస్త మందగిస్తుంది. కానీ ఎక్కదన్న మాటకు ఒక పాత ప్రయోగం అడ్డు చెబుతుంది. 1977లో ఇంగ్లండ్‌లో సైమన్ ఫోకార్డ్, ఆయన తోటివాళ్ళు పన్నెండు, పదమూడేళ్ళ బడిపిల్లలకు ఒక కథ వినిపించారు. కొందరికి ఉదయం తొమ్మిదింటికి, కొందరికి మధ్యాహ్నం మూడింటికి. వెంటనే అడిగితే ఉదయం విన్నవాళ్ళు బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది, మధ్యాహ్నం విన్నవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. ఒక్క ప్రయోగంతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. అయినా మధ్యాహ్నం చదివింది గాలికి పోదని ధైర్యం తెచ్చుకోవడానికి ఇది చాలు.

అసలు తెలుగు నవల పెరిగిందే మధ్యాహ్నాల్లో అంటాను నేను. అరవైలు, డెబ్భైల్లో వారపత్రికల సీరియళ్ళు, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ నవలలు, వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు, ఇవన్నీ ఎవరి కోసం, ఏ గంట కోసం నడిచాయి? వంట ముగించి, అంట్లు సర్ది, పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఒక రెండు గంటలు తనవి అనుకున్న ఆడవాళ్ళ కోసం. మగవాళ్ళు అప్పట్లో ఆ చదువును వేళాకోళం చేశారు. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఏళ్ళ తరబడి చదివే క్రమశిక్షణ ఆ వేళాకోళం చేసినవాళ్ళలో ఎందరికుందో తెలీదు. ఇప్పుడు ఆ రెండు గంటలు టీవీ సీరియళ్ళకూ రీల్స్‌కూ పోయాయి. వెనక్కి తెచ్చుకోవాలంటే అప్పుడు పనిచేసిన సరుకే ఇప్పుడూ పనిచేస్తుంది. వేగంగా సాగే నవల, మాటలు ఎక్కువ, వర్ణనలు తక్కువ. సాహిత్య విలువల గురించి ఈ గంటలో బెంగపెట్టుకోకండి.

ఆఫీసులో ఉన్నవాళ్ళకు భోజనం తర్వాత దొరికేది పావుగంట. తేదీల వారీగా రాసిన పుస్తకాలు దానికి బాగా నప్పుతాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా దారి పొడుగునా రాసిన కాశీయాత్ర చరిత్ర ఉంది. భాష పాతదే, మొదట్లో కాస్త తడుముకోవాలి. కానీ ఒక రోజు మజిలీ చదివి మూసేస్తే మర్నాడు ఇంకో ఊళ్ళో తెరుచుకుంటుంది. ఏ ఊళ్ళో నీళ్ళు బాగున్నాయి, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, బోయీలకు ఎక్కడ కష్టమైంది, ఇలాంటి సంగతులు. క్యాంటీన్ గోలలో కూడా చదవొచ్చు.

ఆదివారం మధ్యాహ్నాన్ని మాత్రం ఈ లెక్కల్లోంచి బయటపెట్టాలి. వారంలో ఏకధాటిగా మూడు గంటలు దొరికేది అప్పుడే. ఒక్క బిగిన ముగించాల్సిన పుస్తకాలు కొన్ని ఉంటాయి. వాటిని ముక్కలు చేస్తే చచ్చిపోతాయి. కేశవరెడ్డి అతడు అడవిని జయించాడు అలాంటిది. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలాయన అడవిలోకి వెళ్తాడు. ఒక్క రాత్రి కథ. ఆ రాత్రిని మెట్రోలో నాలుగు రోజులు చదివితే అడవీ ఉండదు, రాత్రీ ఉండదు. నవీన్ అంపశయ్య కూడా అంతే. ఉస్మానియా హాస్టల్లో ఒక కుర్రాడు నిద్ర లేచింది మొదలు ఒక రోజంతా అతని తలలో తిరిగేదే ఆ నవల. దానికి ఒక పూట మొత్తం ఇవ్వగలిగినప్పుడే తెరవండి. ఫోన్ పక్క గదిలో ఉండాలి.

సాయంత్రాలు ఒంటరిగా చదవడానికి పనికిరావు. ఇల్లంతా మేలుకుని ఉంటుంది, హోంవర్కులు, కూరగాయలు, ఫోన్లు. ఆ గోలతో పోట్లాడే బదులు గోలనే చదువులోకి లాగాలి. పైకి చదవండి. బుడుగు ఇంట్లో ఎవరైనా పైకి చదివితే వేరే గదిలో ఉన్నవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు తెలుగు చదవడం కష్టం కావచ్చు, వినడం కష్టం కాదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకైతే ఇది మరీ అవసరం. వాళ్ళకు అక్షరాలు శనివారం బడిలో వస్తాయి, నుడికారం వచ్చేది అమ్మానాన్నల గొంతులోంచే.

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే కన్యాశుల్కం తీయండి. 1909లో గురజాడ తిరగరాసిన ప్రతికి ఏడు అంకాలున్నాయి, ఒక్క సాయంత్రంలో అయ్యేది కాదు. రోజుకో రంగం. గిరీశం నాన్నకు, అగ్నిహోత్రావధాన్లు తాతయ్యకు, మధురవాణి అమ్మకు, రామప్పంతులు ఖర్మ కాలి మేనమామకు. మొదటి రంగం గిరీశం ఒక్కడి మాటలతోనే మొదలవుతుంది, వెంకటేశం వచ్చేదాకా నాన్న ఒక్కడికే పని. రెండో రోజు నుంచి పాత్రల కోసం కొట్లాటలు మొదలవుతాయి. నటన బాగా రానివాళ్ళు చదివితేనే ఇంకా బాగుంటుంది.

ఇక రాత్రి. మనలో చాలామందికి చదువు అంటే రాత్రే. అందుకే తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ.

రాత్రి పుస్తకానికి ఉండాల్సిన మొదటి గుణం, ఆపడానికి వీలుగా ఉండటం. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలలు ఎలా కట్టారో గమనించండి. తలుపు ఎవరో కొట్టారు, తీసింది, ఎదురుగా... అక్కడ ప్రకరణం ఆగుతుంది. అది వచ్చే వారం పత్రిక కొనిపించడానికి వేసిన ముడి. పత్రిక రోజుల్లో పాఠకుడికి వేరే దారి లేక వారం ఆగేవాడు, సుఖంగా నిద్రపోయేవాడు. అదే నవల పుస్తకంగా వచ్చాక, ఆ ముడి విప్పే పేజీ వెనకాలే ఉంటుంది. ఒక్క ప్రకరణం చదివి పడుకుందామంటే ప్రతి ప్రకరణమూ తర్వాతిదానిలోకి తోస్తుంది. యండమూరి తులసిదళం రాత్రి పట్టుకున్నవాళ్ళు రెండింటికి లైటు తీసేది అందుకే, తీశాక కూడా నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే చెప్పాలా! కొమ్మూరి, మధుబాబు, మల్లాది, వీళ్ళందరినీ మధ్యాహ్నానికి, రైలు ప్రయాణానికి మార్చండి. వాళ్ళ మీద గౌరవంతోనే ఈ మాట.

రాత్రికి నప్పేవి ప్రతి ప్రకరణం చివరా నిజంగా ముగిసేవి. ఉత్తరాలు, జ్ఞాపకాలు, పొట్టి వ్యాసాలు. శ్రీపాద అనుభవాలూ జ్ఞాపకాలూనూ రాత్రి పుస్తకాల్లో రాజు. ఆ గోదావరి తెలుగు వెంట పోతుంటే ఎక్కడ ఆపినా నష్టం లేదు, రేపు ఎక్కడ అందుకున్నా ఇబ్బంది లేదు. కవిత్వం చదివే అలవాటుంటే తిలక్ అమృతం కురిసిన రాత్రి, ఒకటి రెండు కవితలు చాలు. అన్నిటికన్నా మంచిది ఇదివరకు చదివిన పుస్తకం. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి తొందర ఉండదు, వాక్యం రుచి తెలుస్తుంది. రెండోసారి చదవడానికి టైం ఎక్కడుంది అని అడిగేవాళ్ళకు, ఇదిగో ఇక్కడుంది.

ఫోన్లో, ట్యాబ్‌లో చదవడం గురించి ఒక మాట. 2014 చివర్లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో పన్నెండు మందిని కొన్ని రాత్రులు వెలుగు చిమ్మే ఇ-రీడర్ మీద, కొన్ని రాత్రులు అచ్చు పుస్తకంలో చదివించారు. తెర మీద చదివినప్పుడు నిద్ర పట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది, నిద్ర రప్పించే మెలటోనిన్ తగ్గింది, మర్నాడు పొద్దున మబ్బు ఎక్కువైంది. వాళ్ళు చదివింది రోజుకు నాలుగు గంటలు, కాబట్టి మన పావుగంటకు అంత భయం అక్కర్లేదు. నాకు అనుమానం వెలుగు మీద కన్నా, పేజీ పైనుంచి జారిపడే నోటిఫికేషన్ల మీదే. అచ్చు పుస్తకానికి ఆ రోగం లేదు.

పరీక్షలకు చదివేవాళ్ళకు మాత్రం రాత్రి లెక్క వేరు. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షర గుంపులు బట్టీ పట్టించారు. పట్టాక నిద్రపోతే మరపు తక్కువ, మేలుకుని ఉంటే ఎక్కువ అని తేలింది. నిద్రకూ జ్ఞాపకానికీ సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలూ చెబుతూ వచ్చాయి. గ్రూప్స్‌కు తయారవుతున్నవాళ్ళు కొత్త పాఠం అర్థం చేసుకోవడం పొద్దున పెట్టుకుని, తేదీలు, పేర్లు, సూత్రాల్లాంటివి పడుకునే ముందు ఒకసారి తిరగేసి, వెంటనే పడుకోవడం మంచిది. తిరగేశాక రీల్స్ చూడటం మొదలుపెడితే ఆ ఫలం దక్కదు.

ఇదంతా గోడ గడియారం చూసి చెప్పిన లెక్క కాదు. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసే కుర్రాడికి, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సుకు పొద్దున సాయంత్రం నాలుగింటికి కావచ్చు. లేచిన వేళ నుంచి లెక్కపెట్టుకోవాలి. కొందరికి పుట్టుకతోనే బుర్ర రాత్రి తొమ్మిది తర్వాత వెలుగుతుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల ఒంటి గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. అలాంటివాణ్ణి నాలుగింటికి లేపి కూర్చోబెట్టి పుస్తకం ముందు పెడితే చదివేది పుస్తకమే, చూసేది కల. వారం రోజులు గమనించుకోండి. ఏ వేళలో చదివిన పేరాను మళ్ళీ మొదటి నుంచి చదవాల్సిన అవసరం రావడం లేదో, అదే మీ పెన్సిల్ గంట.

పుస్తకాలను అలమరలో ఒకచోట పేర్చి పెట్టడం మానేస్తే సగం పని అయిపోతుంది. పొద్దుటి పుస్తకం కాఫీ తాగే కుర్చీ దగ్గర, పెన్సిల్ దానిలోనే. ప్రయాణం పుస్తకం ఆఫీసు బ్యాగు ముందు అరలో, ఇంట్లో బయటికి తీయకూడదు. రాత్రి పుస్తకం దిండు పక్కన, ఫోన్ చార్జరు హాల్లో. చేతికి ఏది దగ్గరగా ఉంటే అదే చదువుతాం. ఆ దగ్గరతనాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

కొనేటప్పుడూ ఇదే చూపు. విజయవాడలో జనవరిలో జరిగే పుస్తకాల పండగకో, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్‌కో వెళ్ళినప్పుడు అట్ట చూసి, పేరు చూసి, తగ్గింపు చూసి సంచీ నింపేస్తాం. బిల్లు కట్టే ముందు ఒక్కో పుస్తకాన్నీ 'నిన్ను ఎప్పుడు చదవను?' అని అడగండి. జవాబు 'తీరిక దొరికినప్పుడు' అయితే అది అటకెక్కే పుస్తకం. 'ఆదివారం మధ్యాహ్నం' అయితే తీసుకోండి. రెండు వేరువేరు వేళల్లో ప్రయత్నించినా సాగని పుస్తకాన్ని మాత్రం మొహమాటం లేకుండా ఊరి గ్రంథాలయానికి ఇచ్చేయండి. ఇంకెవరి గంటకో అది సరిపోతుంది.

స్నేహితులకు ఇచ్చేటప్పుడు కూడా 'బాగుంది, చదువు' అని ఊరుకోకండి. 'రాత్రి పట్టుకోకు, శనివారం భోజనం చేశాక మొదలుపెట్టు' అని వేళ చెప్పి ఇవ్వండి. అప్పుడు నిజంగానే చదువుతారు. చదివేస్తారు కాబట్టి, ఎరువిచ్చిన పుస్తకం తిరిగొచ్చే అవకాశం కూడా కాస్త పెరుగుతుంది.